సోలార్ పవర్ బ్యాంక్: మూడేళ్లు వాడాక

మా ఓనరు ఆంటీ మేడ మీద వడియాలు పెట్టిన రోజే నేనూ నా కొత్త పవర్ బ్యాంకుని పూర్తిగా ఖాళీ చేసి పక్కనే ఎండలో పెట్టాను. ఏప్రిల్ నెల, హైదరాబాద్ ఎండ. మూడో రోజు సాయంత్రానికి వడియాలు డబ్బాలోకి వెళ్ళిపోయాయి. నా దాంట్లో ఛార్జి చూపించే నాలుగు లైట్లకి ఒక్కటి వెలిగింది. "ఏంటి బాబూ, నీ వడియం ఇంకా ఎండలేదా?" అని ఆవిడ ఒకటే నవ్వు.

ఆ ఒక్క లైటుతో ఫోను సగం పైన కొంచెం ఎక్కింది. మూడు రోజుల ఎండకి దక్కింది అదీ.

తర్వాత కూర్చుని లెక్క వేస్తే తప్పు ఎండది కాదని తేలింది. దాని మీద ఉన్న సోలార్ పలక అరచేయంత. ఎర్రటి ఎండలో, సూర్యుడికి ఎదురుగా పెడితే ఒక వాట్, మహా అయితే ఒకటిన్నర. లోపలున్న బ్యాటరీ 20,000 ఎంఏహెచ్, అంటే 74 వాట్ అవర్లు; గంటకి ఒక వాట్ చొప్పున ఎక్కిస్తే 74 గంటలు పట్టేంత. భాగించి చూడండి. రోజుకి ఐదారు గంటల మంచి ఎండ దొరికినా పది, పన్నెండు రోజులు పడుతుంది. పైగా మధ్యాహ్నానికి అది చేత్తో పట్టుకోలేనంత కాలిపోయేది. లిథియం బ్యాటరీని 45 డిగ్రీలు దాటాక ఛార్జ్ చేయకూడదు. అంటే పలకకి ఎండ కావాలి, దాని వెనకే అతికించిన బ్యాటరీకి నీడ కావాలి. రెండింటినీ ఒకే డబ్బాలో పెట్టడమే అసలు తిరకాసు. ఇంకో మాయ ఏంటంటే, సోలార్ ఎక్కుతోందని చూపించే ఆ పచ్చ లైటు మా హాల్లో ట్యూబ్‌లైటు కింద కూడా వెలుగుతుంది. దాన్ని నమ్మకండి.

అయినా మూడేళ్లు వాడాను. ఎందుకంటే బ్యాటరీగా అది నన్ను మోసం చేయలేదు.

సలేశ్వరం జాతరకి వెళ్ళినప్పుడు సంగతి. నల్లమల లోపల, చైత్ర పౌర్ణమికి కొద్ది రోజులే దారి తెరుస్తారు. "వస్తున్నాం లింగమయ్యా" అనుకుంటూ జనం రాళ్ళ దారిలో దిగుతుంటారు. పవర్ బ్యాంకుని బ్యాగు వెనక వేలాడదీసి గొప్పగా నడిచాను. కొమ్మల నీడ, నా తల నీడ, దారి మలుపు తిరిగితే ఎండ ఇంకో వైపు. పలకలో సెల్స్ ఒకదాని వెనక ఒకటి కలిపి ఉంటాయి కాబట్టి ఓ మూల నీడ పడ్డా మొత్తం పలక ఇచ్చే కరెంటు పడిపోతుంది. లోయలోకి దిగాక చెప్పక్కర్లేదు. సోలార్ ఇచ్చింది సున్నా. కానీ ఇంటి దగ్గర నింపుకెళ్ళిన ఛార్జి మా ముగ్గురి ఫోన్లనీ నిలబెట్టింది. దానికున్న టార్చి కూడా చీకట్లో బాగా పనికొచ్చింది. అడవిలో సిగ్నల్ వెతుక్కుంటూనే ఫోను సగం ఛార్జి తినేస్తుంది, ఎయిర్‌ప్లేన్ మోడ్‌లో పెట్టేయండి. ఆ ఒక్క పనికి వచ్చే ఆదా ఈ పలక రోజంతా సంపాదించేదాని కంటే ఎక్కువ.

డిసెంబర్లో హిమాలయాల్లో కేదార్‌కంఠ ట్రెక్‌కి వెళ్ళినప్పుడు కథ తిరగబడింది. అక్కడ వేడి కాదు, చలి. 30 శాతం చూపిస్తున్న ఫోను టెంట్‌లో టప్పున ఆగిపోయింది. అప్పట్నుంచి ఫోనూ పవర్ బ్యాంకూ రెండూ స్లీపింగ్ బ్యాగులో నాతోనే పడుకున్నాయి. గడ్డకట్టే చలిలో ఛార్జ్ చేసినా బ్యాటరీ పాడవుతుంది, కాబట్టి పొద్దున్నే మంచు మీద పెట్టి ఎండ కాయించే ఆలోచన మానుకోండి.

ఆ ట్రెక్‌లో ఒక మిత్రుడు మడతపెట్టే సోలార్ ప్యానెల్ విడిగా తెచ్చాడు. పేరుకి 21 వాట్లు, నికరంగా పది దాకా ఇచ్చేది. మధ్యాహ్నం భోజనానికి ఆగినప్పుడు బండ మీద పరిచి, కేబుల్ లాగి, పవర్ బ్యాంకుని బ్యాగు నీడలో ఉంచేవాడు. ఇదీ పద్ధతి. ఫోనుని నేరుగా ప్యానెల్‌కి తగిలిస్తే మబ్బు వచ్చినప్పుడల్లా ఛార్జింగ్ తెగిపోతుంది. ముందు పవర్ బ్యాంక్ నింపి, దాన్నుంచి ఫోను నింపుకోవాలి. వారం రోజులు కరెంటు దొరకని చోటికి వెళ్తే తప్ప ఈ బరువు మోయడం దండగ. మనం వెళ్ళే రెండు రోజుల ట్రిప్పులకి మామూలు పవర్ బ్యాంకే చాలు.

కొనేవాళ్ళకి ఒక హెచ్చరిక. 50,000 ఎంఏహెచ్ అని రాసి చవగ్గా అమ్మేవి చేతిలోకి తీసుకుని చూడండి. నిజమైన 20,000 దాంట్లో బ్యాటరీ సెల్సే 300 గ్రాముల పైచిలుకు తూగుతాయి. 50,000 అని చెప్పి గాలిలా తేలితే లోపల ఏముందో మీరే ఊహించుకోండి. నిజంగానే 50,000 అయితే 185 వాట్ అవర్లు, విమానంలోకి రానివ్వరు. విమాన సంస్థని ముందుగా అడగకుండా తీసుకెళ్ళాలంటే 100 వాట్ అవర్ల లోపు ఉండాలి, అదీ చేతి సామానులోనే. వాట్ అవర్లు డబ్బా మీద అచ్చువేసి ఉన్నదీ, బీఐఎస్ (భారత ప్రమాణాల సంస్థ) గుర్తు ఉన్నదీ తీసుకోండి. లేబుల్ మీద 20,000 ఉన్నా, 5 వోల్టులకి మార్చేసరికి చేతికొచ్చేది 12, 13 వేలే. ఇది మోసం కాదు, లెక్క అంతే. నాది కొత్తలో 5,000 ఎంఏహెచ్ ఫోనుని రెండున్నర సార్లు నింపేది, ఇప్పుడు రెండుకి అటూఇటూ. గోడ ప్లగ్గుకి పెడితే నిండడానికి రాత్రంతా పడుతుంది. ఈసారి కొంటే 18 వాట్ల టైప్-సీ ఇన్‌పుట్ ఉన్నదే కొంటాను.

నీళ్ళు పడినా ఏమీ కాదన్నారు. పోర్టు మీది రబ్బరు మూత రెండో ఏడాదికే తెగింది, దాంతో ఆ మాటా తెగింది. కొక్కేనికి బొత్తాంలా అతికించిన దిక్సూచి మా ఇంట్లో ఒక్కో గదిలో ఒక్కో ఉత్తరం చూపించింది.

పోయిన నెల దాన్ని ఊళ్ళో నాన్నకి ఇచ్చేశాను, రాత్రి కరెంటు పోతే టార్చిగా ఉంటుందని. దానికి సోలార్ ఉందని మాత్రం చెప్పలేదు.