పెద్ద సంఖ్యల కారణాంకాలకు క్యాషియో ఎఫ్ఎక్స్-991ఈఎస్ ప్లస్: ఫ్యాక్ట్ ఇచ్చే జవాబును ఎంతవరకు నమ్మొచ్చు?

ఇంజినీరింగ్ విద్యార్థుల దగ్గర తరచూ కనిపించే క్యాలిక్యులేటర్ ఇది. ప్రధాన కారణాంకాల కోసం ఇందులో ఉన్న ఫ్యాక్ట్ సదుపాయం నిజంగా మంచిది. కాకపోతే జవాబులో వచ్చే బ్రాకెట్ అర్థం తెలియకుండా వాడితే తప్పు జవాబు రాసేస్తాం.

కంప్ మోడ్‌లో (మామూలు లెక్కల మోడ్) సంఖ్య కొట్టి ముందు = నొక్కాలి. తర్వాత షిఫ్ట్, ఆపైన డిగ్రీ-నిమిషం-సెకను బటన్. 1729 ఇస్తే 7×13×19 వచ్చేస్తుంది. దశాంశాలు, భిన్నాలు, రుణసంఖ్యలు ఇస్తే మ్యాత్ ఎర్రర్.

పరిమితులు రెండు. సంఖ్య పది అంకెలు దాటకూడదు. వెతికేది మూడంకెల ప్రధాన సంఖ్యల వరకే. అక్కడితో తేలని భాగం 1009² అంటే 1018081, లేదా అంతకన్నా పెద్దదైతే దాన్ని బ్రాకెట్‌లో పెట్టి వదిలేస్తుంది. బ్రాకెట్ అంటే "ఇంకా విడిపోతుంది" అనీ కాదు, "ప్రధాన సంఖ్య" అనీ కాదు. "నేను చూడలేదు" అని మాత్రమే.

2³²+1, అంటే 4294967297 తీసుకోండి. 2 ఘాతంగా 1, 2, 4, 8, 16, 32 ఇలా రెట్టింపయ్యే సంఖ్యలు పెట్టి 1 కలిపితే వచ్చేవన్నీ ప్రధాన సంఖ్యలే అని గణితవేత్త ఫెర్మా అనుకుంటే, ఇది కాదని 1732లో మరో గణితవేత్త ఆయిలర్ తేల్చాడు. ఫ్యాక్ట్ 641×(6700417) చూపిస్తుంది. ఈ బ్రాకెట్‌ను మనమే విప్పాలి. 6700417 వర్గమూలం సుమారు 2588.5 కాబట్టి 1009 నుంచి 2588 వరకు ఉన్న ప్రధాన సంఖ్యలు చూస్తే చాలు. పైగా 2³²+1 కారణాంకాలన్నీ 128క+1 (క పూర్ణసంఖ్య) రూపంలోనే ఉంటాయి. ఆ రూపంలో ఈ మధ్య ఉన్న ప్రధాన సంఖ్యలు రెండే: 1153, 1409. మొదటిదానితో భాగిస్తే శేషం 334, రెండోదానితో 622. కాబట్టి 6700417 ప్రధాన సంఖ్యే. ఇంత పెద్ద సంఖ్య రెండే భాగహారాల్లో తేలిపోవడం ఎంత చూసినా అందంగా ఉంటుంది.

పన్నెండంకెల 600851475143ను ఫ్యాక్ట్ నేరుగా తీసుకోదు. ముందు 71తో భాగిస్తే 8462696833, సరిగ్గా పది అంకెలు. ఇప్పుడు ఫ్యాక్ట్ కొడితే 839×(10086647). ఈసారి బ్రాకెట్‌లో ఉన్నది 1471×6857.

ఇక్కడే అసలు ప్రమాదం. అదే 600851475143ను 73తో భాగిస్తే తెరమీద 8230842125 వస్తుంది, దశాంశం ఏదీ కనపడదు. కానీ శేషం 18 ఉంది. తెర పది అంకెలకు కుదించేస్తుంది, లోపల మాత్రం పదిహేను అంకెలు లెక్కలో ఉంటాయి. అందుకే వెంటనే ఆన్సర్ బటన్ నొక్కి అందులోంచి 8230842125 తీసేయండి, సుమారు 0.2466 బయటపడుతుంది. సున్నా వస్తేనే నిశ్శేషంగా భాగించినట్టు.

పదిహేను అంకెలు దాటితే ఈ చిట్కా కూడా పనికిరాదు. 1903లో గణితవేత్త కోల్ కారణాంకాలుగా విడగొట్టిన 2⁶⁷−1 ఇస్తే 1.475739526×10²⁰ అని చూపిస్తుంది. చివరి అంకెలు మెషీన్‌లోనే ఉండవు కాబట్టి దాని కారణాంకమైన 193707721తో నిశ్శేషంగా పోతుందో లేదో దీనితో తేల్చలేం. అక్కడ కంప్యూటరే కావాలి.