ఆల్ప్స్‌లో ఒక్క వారం: పడమరా, తూర్పా, ఏది మేలు?

ఆల్ప్స్ చూడాలి అనుకోగానే మనవాళ్లలో చాలామంది స్విట్జర్లాండ్ టికెట్లు వెతుకుతారు. నిజానికి ఆ కొండలు ఎనిమిది దేశాలవి: ఫ్రాన్స్, మొనాకో, ఇటలీ, స్విట్జర్లాండ్, లీచెన్‌స్టైన్, జర్మనీ, ఆస్ట్రియా, స్లొవేనియా. సుమారు 1,200 కిలోమీటర్ల పొడవున్న ఈ వరుసను భూగోళ శాస్త్రజ్ఞులు రెండు ముక్కలుగా చూస్తారు. కాన్‌స్టాన్స్ సరస్సు దగ్గర మొదలుపెట్టి, రైన్ నది వెంట ఎగువకు వెళ్లి, స్ప్లూగెన్ కనుమ దాటి కోమో సరస్సు దగ్గర దిగితే, ఆ గీతకు అటు పడమటి ఆల్ప్స్, ఇటు తూర్పు ఆల్ప్స్. కొండ ఎలా పుట్టిందో, ఎలా అరిగిపోతోందో కళ్లారా చూడాలనుకునేవాళ్లకు ఈ రెండిట్లో ఏది మేలు?

ఎత్తు మాటకొస్తే పోటీ లేదు. 4,000 మీటర్లు దాటిన శిఖరాలు దాదాపు అన్నీ పడమటే ఉన్నాయి. అన్నిటికన్నా పెద్దదైన మోఁ బ్లాఁ 4,800 మీటర్ల పైమాటే. తూర్పున 4,000 మీటర్లు దాటిన ప్రధాన శిఖరం పిజ్ బెర్నీనా ఒక్కటే, 4,049 మీటర్లు. కానీ పడమట అసలు చూడాల్సింది మంచు. స్విట్జర్లాండ్‌లోని అలెట్ష్ హిమానీనదం ఆల్ప్స్‌లోకెల్లా పెద్దది, సుమారు 20 కిలోమీటర్ల పొడవు. దాని మీద నల్లటి చారలు రోడ్డు గీతల్లా వంపులు తిరుగుతూ సాగుతాయి. రెండు హిమానీనదాలు కలిసిన చోట, వాటి అంచుల్లోని రాళ్లూ మట్టీ నడిమధ్యకు వచ్చి ఆ చారలయ్యాయి. మంచు కూడా నదిలాగే పారుతుందని పుస్తకంలో ఎన్నిసార్లు చదివినా, ఆ చారలు చూస్తేనే మనసుకు ఎక్కుతుంది. ఈ హిమానీనదం ఎగువ అంచుకు తీసుకెళ్లే యుంగ్‌ఫ్రావ్‌యోఖ్ రైలు చాలా ఖరీదు. దక్షిణం వైపు బెట్మెరాల్ప్ నుంచి కేబుల్ కారులో పైకి వెళ్లినా హిమానీనదం బాగా కనిపిస్తుంది.

తూర్పున బలం రాయిది. ఇటలీలోని డోలమైట్స్ కొండలు ఒకప్పుడు, ఇప్పుడు లేని టెథిస్ అనే సముద్రంలో పగడపు దిబ్బలు, 20 కోట్ల సంవత్సరాలకు పైబడిన సంగతి. ఆఫ్రికా వైపు నుంచి వచ్చిన భూఫలకం యూరప్‌ను ఢీకొంటే ఆ సముద్రపు అడుగు ఆకాశంలోకి లేచింది. మన ఇళ్లలో పూజలో పెట్టుకునే సాలగ్రామం నేపాల్‌లోని గండకి నది నుంచి వస్తుంది. అదీ టెథిస్ సముద్రపు జీవి శిలాజమే. డోలమైట్స్ కింద నిలబడి ఆ సంగతి తలుచుకుంటే నాకు ఒళ్లు పులకరిస్తుంది. సాయంత్రం ఆ తెల్లరాతి గోడలు గులాబి రంగుకు తిరుగుతాయి. తూర్పు ఆల్ప్స్‌లో సున్నపురాయి ఉన్నచోట నీళ్లు లోపలికి ఇంకి గుహలు తొలుస్తాయి. ఆస్ట్రియాలో వెర్ఫెన్ దగ్గరున్న మంచు గుహ 40 కిలోమీటర్లకు పైగా పొడవుంటుంది.

తూర్పున ఖర్చు తక్కువ, దారులు సులువు. మ్యూనిక్ నుంచి ఇన్స్‌బ్రుక్‌కు రైల్లో సుమారు రెండు గంటలే. పెద్దవాళ్లు, పిల్లలు వెంట ఉంటే నేను కళ్లు మూసుకుని తూర్పే చెబుతాను.

కానీ ఒక్కరే, ఒక్కసారే వెళ్తుంటే మాత్రం నా ఓటు పడమటికి. కారణం మంచే. 2022, 2023 రెండేళ్లలోనే స్విస్ హిమానీనదాలు తమ మంచులో సుమారు పదో వంతు పోగొట్టుకున్నాయి. డోలమైట్స్ మన మునిమనవలకూ ఉంటాయి. అలెట్ష్‌ను ఇప్పుడున్నంత పెద్దదిగా మన పిల్లలు చూడలేరు. ఇది రాస్తుంటేనే బాధగా ఉంది.

చివర్లో ఒక రోజు మిగిలితే లుంఘిన్ కనుమకు నడవండి. ఉన్నది స్విట్జర్లాండ్‌లోనే అయినా తూర్పు ఆల్ప్స్ కిందికి వస్తుంది, ఎత్తు 2,645 మీటర్లు. సాంక్ట్ మోరిట్జ్ నుంచి బస్సులో మలోయా చేరి అక్కడి నుంచి ఎక్కాలి. ఆ కనుమ దగ్గర పడిన వాన ఒక వాలున రైన్‌లో కలిసి ఉత్తర సముద్రానికి, ఇంకో వాలున పో నదిలో చేరి ఏడ్రియాటిక్‌కు, మూడో వాలున ఇన్ నది మీదుగా డాన్యూబ్‌లో పడి నల్ల సముద్రానికి పోతుంది.