మూలకేశాల్లో జన్యువుల వేట: మ్యూటెంట్లా, కేశాలను విడదీయడమా?

వేళ్లపై బుడిపెలు కట్టించి మొక్కకు నైట్రోజన్ అందించే రైజోబియం బ్యాక్టీరియా, చాలా పప్పుజాతి మొక్కల్లోకి మూలకేశాల (వేళ్ల మీది సన్నని నూగు) గుండానే దూరుతుంది. ఆ దారి తెరిచే జన్యువులేవో కనిపెట్టడానికి రెండు పద్ధతులున్నాయి.

పాతది మ్యూటెంట్ల, అంటే ఏదో ఒక జన్యువు చెడిన మొక్కల, పద్ధతి. విత్తనాలకు రసాయనం పట్టించి, వేళ్లకు బుడిపెలు రాని మొక్కల్ని ఏరి, చెడిన జన్యువు ఏదో వెతుక్కుంటూ పోవాలి. ఏళ్లు పడుతుంది. కానీ దొరికితే ఇక అనుమానం ఉండదు. 2003లో లోటస్ జపోనికస్ అనే పప్పుజాతి మొక్కలో గుర్తించిన ఎన్ఎఫ్ఆర్1, ఎన్ఎఫ్ఆర్5 జన్యువులు అలా దొరికినవే. బ్యాక్టీరియా పంపే నాడ్ ఫ్యాక్టర్ అనే రసాయన సంకేతాన్ని పసిగట్టే గ్రాహకాలను తయారుచేసేవి ఇవే. ఇవి లేకపోతే బ్యాక్టీరియాను లోపలికి తీసుకోవడానికి మూలకేశం వంకర తిరగనే తిరగదు.

రెండోది హడావుడి పద్ధతి. సోయా మొలకల వేళ్లను ద్రవ నైట్రోజన్‌లో గడ్డకట్టించి కలియతిప్పితే కేశాలు విరిగి రాలతాయి. వాటిని జల్లెడ పట్టి, ఏ జన్యువులు పనిచేస్తున్నాయో చెప్పే ఆర్ఎన్ఏను చదువుతారు. అమెరికాలోని మిస్సోరీ విశ్వవిద్యాలయం బృందం 2010లో ఇలా, బ్యాక్టీరియా సోకినప్పుడు 1,973 జన్యువుల పనితీరులో మార్పు వస్తుందని చూపించింది. జాబితా ఘనమే! అయితే అందులో అసలు పని చేసేవేవో, ఊరికే తోడొచ్చినవేవో తేలాలంటే ఒక్కోదాన్నీ ఆపి చూడాలి. నమ్మకానికైతే నా ఓటు మ్యూటెంట్లకే.

మన వేరుశనగకు మాత్రం కేశాల పద్ధతి పెద్దగా పనికిరాదు. అందులోకి బ్యాక్టీరియా పక్కవేర్లు పుట్టే చోటి పగుళ్ల నుంచి దూరుతుంది.