‘హౌస్ ఆఫ్ శాండ్ అండ్ ఫాగ్’ కొనేవారికి హెచ్చరిక: ‘కొత్త ప్రతి’ అని దొంగ అచ్చు అంటగడుతున్నాడు

ఆన్‌లైన్‌లో ఇంగ్లీషు నవలలు కారుచౌకగా అమ్మే ఆ అమ్మకందారు మీలో చాలామందికి తెలుసు. ప్రతి పుస్తకం కిందా ‘కొత్త ప్రతి, అసలు ముద్రణ’ అని రాస్తాడు. ఆండ్రే డ్యూబస్ (అదే పేరున్న రచయిత తండ్రి కాదు, కొడుకు) 1999లో రాసిన ఈ నవలను అతని దగ్గర కొనకండి. అసలు ఏ పుస్తకమూ కొనకండి.

వచ్చింది దొంగ అచ్చు. బూడిదరంగు కాగితం, అలుక్కుపోయిన అక్షరాలు, మసకబారిన అట్ట. అయినా చదివాను, కథ అలా పట్టుకుంది. తనకు వర్తించని పన్ను కట్టలేదని, తండ్రి వదిలివెళ్ళిన ఇంట్లోంచి కాథీని వెళ్ళగొట్టి కౌంటీ (అమెరికాలో జిల్లాలాంటి స్థానిక ప్రభుత్వం) వాళ్ళు ఆ ఇంటిని వేలం వేస్తారు. రాజు షా పాలించిన కాలంలో ఇరాన్ వైమానిక దళంలో కర్నల్‌గా ఉండి, ఇప్పుడు కాలిఫోర్నియాలో రోడ్ల పక్కన చెత్త ఏరుతున్న బెహ్రానీ, కూడబెట్టిన డబ్బుతో దాన్ని కొంటాడు. తప్పు చేసింది కౌంటీ, నలిగిపోయేది వీళ్ళిద్దరూ. ఒకసారి ఆయన, ఒకసారి ఆమె చెబుతుంటే ఇల్లు ఎవరికి దక్కాలో తేల్చుకోలేక నేను కొట్టుమిట్టాడాను.

సరిగ్గా ఉత్కంఠ పతాకస్థాయికి చేరిన చోట, అంతకుముందు చదివిన ఫారమే (కలిపి అచ్చువేసిన పేజీల కట్ట) మళ్ళీ వచ్చింది. దాని తర్వాత అట్ట! చివరి పేజీలు లేనే లేవు.

ఫొటోలు తీసి పంపి, వేరే ప్రతి ఇవ్వమని మర్యాదగానే అడిగాను. అతని జవాబు: “నాలుగు పేజీలకే ఇంత గొడవా? చివరికి ఏమవుతుందో నేనే చెబుతాను.” చెప్పేశాడు కూడా! ఎవరు ఏమవుతారో, ఎలా అవుతారో రెండు వాక్యాల్లో రాసి, కింద ఒక నవ్వు బొమ్మ పెట్టాడు. ముందు నవలే చదవాలని 2003లో వచ్చిన సినిమాను ఇన్నేళ్ళూ చూడకుండా ఆపుకున్నాను. చదువుకునేవాడి దగ్గర ఇంతకంటే ఏం దోచుకుంటారు? డబ్బు పోతే పోయింది, ఆ రెండు వాక్యాలను నా బుర్రలోంచి ఎవరు తీస్తారు? ఇంత క్రూరత్వం దేనికి? సైటు వాళ్ళేమో ‘చదివిన పుస్తకం వాపసు తీసుకోము’ అని ఫిర్యాదు మూసేశారు.

కొనేముందు కాపీరైట్ పేజీ, చివరి పేజీ ఫొటోలు అడగండి. అట్ట మీది ఐఎస్‌బీఎన్ (పుస్తకాన్ని గుర్తించే సంఖ్య), లోపలిది ఒకటేనా చూడండి. పార్సిల్ విప్పేటప్పుడు వీడియో తీసి, ఆ రోజే పేజీలన్నీ తిరగేయండి. అతనికి ఫిర్యాదు రాయాల్సి వస్తే, కథ ఎంతవరకు చదివారో మాత్రం చెప్పకండి.