రోమన్ రాతి వంతెన ఒక్కటే చూడాలంటే ఏది మేలు?

యూరప్ ట్రిప్‌లో రోమన్లు కట్టిన వంతెన ఒక్కటైనా చూద్దామనుకుంటే మామూలుగా వినిపించేవి రెండు పేర్లు. ఫ్రాన్స్‌లో పోన్ దు గార్, స్పెయిన్‌లో అల్కాంతరా. రోమ్ నగరం నడిబొడ్డున ఉన్న ఫాబ్రీషియస్ వంతెనను ఎవరూ లెక్కలోకి తీసుకోరు. నా ఓటు మాత్రం దానికే.

పోన్ దు గార్ అందానికి వంక పెట్టలేం. మూడు అంతస్తుల కమానులు, దాదాపు 49 మీటర్ల ఎత్తు. ఆరు టన్నుల బరువున్న రాళ్లు కూడా ఉన్నాయి. కింది రెండు అంతస్తుల్ని సున్నం పెట్టకుండా ఉత్త రాళ్లు పేర్చి కట్టారు. గోడలోంచి అక్కడక్కడా పొడుచుకొచ్చిన రాళ్లు పరంజాకి ఆసరాగా వదిలినవి, పనయ్యాక చెక్కేసే ఓపిక ఎవరికీ లేకపోయినట్టుంది. కాకపోతే ఇది నీళ్ల వంతెన. నీమ్ ఊరికి నీళ్లు తెచ్చిన సుమారు 50 కిలోమీటర్ల కాలువలో ఒక ముక్క. కోనసీమలో గన్నవరం అక్విడెక్టు చూసినవాళ్లకు ఇంతకంటే చెప్పక్కర్లేదు. ఇప్పుడు జనం నది దాటేది 1740ల్లో దీనికి ఆనించి కట్టిన రోడ్డు వంతెన మీద. పిల్లలతో వెళ్లేవాళ్లకైతే ఇదే నయం, కింద ఏట్లో ఆడుకోవచ్చు.

దర్పంలో అల్కాంతరా మొనగాడు. ట్రాజన్ చక్రవర్తి కాలంలో, క్రీ.శ. 106 నాటికి, టాగస్ నది లోయకు అడ్డంగా ఆరు గ్రానైట్ కమానులు లేచాయి, మధ్యలో ఒక తోరణం. కట్టిన లాసెర్ అనే శిల్పి ఒక కొసన చిన్న గుడి పెట్టి, ఈ వంతెన లోకం ఉన్నంతకాలం ఉంటుందని శాసనం చెక్కించాడు. ఉంది, కానీ చెక్కుచెదరకుండా లేదు. నదిని తట్టుకున్నంతగా సైన్యాలను తట్టుకోలేకపోయింది. శత్రువు దాటకూడదని వేర్వేరు యుద్ధాల్లో కమానులు పడగొట్టారు, నెపోలియన్ యుద్ధాల్లో 1809లో కూడా. 19వ శతాబ్దంలో మళ్లీ నిలబెట్టారు. పైగా ఊరు పోర్చుగల్ సరిహద్దు దగ్గర, సొంతంగా కారు లేకపోతే వెళ్లిరావడం పెద్ద టెన్షన్.

ఇక ఫాబ్రీషియస్. టైబర్ నదిలోని లంకను ఎడమ గట్టుతో కలుపుతుంది. క్రీ.పూ. 62లో కట్టారు, పొడవూ 62 మీటర్లే, కాబట్టి గుర్తుంచుకోవడం తేలిక. రెండు పెద్ద కమానులు, వాటి మధ్య స్తంభంలో చిన్న కమాను. నీళ్లు ఆ ఎత్తుకి చేరితే దానిలోంచి దారి దొరికి, స్తంభం మీద వరద తోపుడు తగ్గుతుంది. పిట్టగోడలు తర్వాతి కాలానివే. కమానులు మాత్రం అప్పటివే, వాటి మీద ఈనాటికీ జనం నడుస్తున్నారు. టికెట్ లేదు, గేటు లేదు, గైడూ అక్కర్లేదు.

దీన్నే ఎంచుకోవడానికి ఇంకో కారణం పక్కనే ఉంది. అదే లంకకు అవతలివైపు ఉన్న సెస్టియస్ వంతెనను 19వ శతాబ్దం చివర్లో నది గట్లు కట్టేటప్పుడు విప్పేసి మళ్లీ కట్టారు, పాత రాళ్లు కొన్నే వాడారు. కొంచెం దిగువన ఎమీలియస్ వంతెన 1598 వరదకు సగం కూలి, చివరికి నీళ్ల మధ్య ఒక్క కమానుగా మిగిలింది. నిలిచింది, మార్చి కట్టింది, కూలింది, మూడూ నడక దూరంలోనే. అల్కాంతరా దాకా వెళ్లినా ఈ తేడా కళ్లకు కట్టదు.

ఒకటి మాత్రం గమనించాలి. రోడ్ల అధికారి లూకియస్ ఫాబ్రీషియస్ తన పేరు చెక్కించింది కమానుల పక్క ముఖాల మీద. పైనుంచి నడిచి వెళ్లిపోతే కనపడదు. గట్టు మీద కొంచెం పక్కకి జరిగి చూడాలి. పెద్ద అక్షరాల కింద చిన్న అక్షరాల్లో ఇంకో శాసనం కూడా ఉంటుంది, క్రీ.పూ. 21లో ఇద్దరు కాన్సుల్స్ (రోమ్‌లో ఏడాదికోసారి మారే పెద్ద అధికారులు) వంతెనను తనిఖీ చేసి సరిగ్గానే ఉందని వేయించింది.