అమ్మ ఎత్తని ఫోను, అమ్మకు చేరిన కార్డు

మా అమ్మకు ఎనభై మూడేళ్లు. పరకాల దగ్గర పల్లెలో ఉంటుంది. చేతిలో ఉన్నది మీటల ఫోను. 2025 మే చివర్లో హనుమకొండ నుంచి బయలుదేరి, దుబాయ్ మీదుగా జర్మనీ, ఇటలీ చూసి నెల రోజులకు తిరిగొచ్చాం. చర్చిలూ కోటలూ చాలా చూశాం కానీ ఏ ఊళ్లో దిగినా నాకు మొదట పట్టిన బెంగ ఒక్కటే. ఇక్కడి నుంచి అమ్మతో మాట్లాడేది ఎలా?

దుబాయ్‌లో రెండు రాత్రులు దేరాలో దిగాం. గది చిన్నదే అయినా శుభ్రంగా ఉంది, మెట్రో నడిచేంత దూరం, వైఫై నిక్షేపంగా పనిచేసింది. అయితే వాట్సాప్‌లో తమ్ముడికి కాల్ చేస్తే ఎంతకీ కలవలేదు. పొద్దున టిఫిను వడ్డించే కుర్రవాడిది జగిత్యాల వైపు. నా తంటాలు చూసి, "అక్కా, ఇక్కడ వాట్సాప్ రాతకే పనికొస్తుంది, మాటకు రాదు" అన్నాడు. ఇంటర్నెట్‌లో మాట్లాడటానికి అక్కడి ప్రభుత్వం కొన్ని యాప్‌లకే అనుమతి ఇచ్చిందట. అతను బోటిమ్ వాడతాడు, ఊళ్లో భార్య ఫోనులోనూ అదే వేయించాడు. ఇంటి నుంచి ఉత్తరాలు వస్తాయా అని అడిగితే, అక్కడ మనలా ఇంటింటికీ పంచే అలవాటు లేదనీ, పోస్టు బాక్సు నంబరే చిరునామా అనీ, తన పేరున ఏది వచ్చినా కంపెనీ బాక్సులోనే పడుతుందనీ చెప్పాడు. ఆరేళ్లుగా అక్కడున్న మనిషికి తన గుమ్మంలోకి వచ్చిన ఉత్తరం ఒక్కటీ లేదంటే మనసు కలుక్కుమంది.

ఆ రోజు, విదేశంలోనూ పనిచేసేలా మా సిమ్‌కు వేయించుకున్న రోమింగ్ ప్యాక్ ఆదుకుంది. మొదట అదీ కలవలేదు. ఇంట్లో ఉన్నప్పుడు దాచుకున్న పది అంకెలే నొక్కుతూ వచ్చాను. ముందు +91 చేర్చాక వెంటనే కలిసింది. తమ్ముడింట్లో ఇంకా ల్యాండ్‌లైన్ ఉంది. హనుమకొండ కోడ్ 0870లో మొదటి సున్నా తీసేసి, +91 870 తర్వాత ఇంటి నంబరు కొట్టాలి. ప్రయాణానికి ముందే ఇంటివాళ్ల నంబర్లన్నీ ఇలా మార్చి పెట్టుకుంటే విమానాశ్రయంలో చెమటలు పట్టవు.

జర్మనీలో మా అబ్బాయి ఉండేది కాన్‌స్టాంజ్‌లో. పాస్‌పోర్టు చూపిస్తే తప్ప అక్కడ ప్రీపెయిడ్ సిమ్ ఇవ్వరు, ఆ పరిశీలనకే అరగంట పట్టింది. సిమ్ రాగానే అమ్మకు చేశాను. ఎత్తలేదు. మర్నాడూ ఎత్తలేదు. మూడో రోజు తమ్ముడు కనుక్కుంటే అసలు సంగతి తెలిసింది. +49తో మొదలయ్యే నంబరు చూసి మోసగాళ్లనుకుని భయపడిందట. తెలియని నంబర్లు ఎత్తవద్దని మేమే కదా పదిసార్లు చెప్పాం! పాపం, చెప్పిన మాట విన్నది. తమ్ముడు ఊరెళ్లి ఆ నంబరును 'పెద్దక్క' అని ఎక్కించాకే ఆమె గొంతు విన్నాను. రోమింగ్‌లో మన సిమ్ నుంచే చేస్తే అవతల మన నంబరే కనిపిస్తుంది. ముసలివాళ్లకు ఫోను చేయడానికి, ఖర్చు కాస్త ఎక్కువైనా, అదే నయం. బ్యాంకు ఓటీపీలూ ఆ సిమ్‌కే వస్తాయి కాబట్టి దాన్ని ఫోనులోంచి తీసేయకూడదు, డేటా మాత్రం ఆపేస్తే చాలు.

కాన్‌స్టాంజ్‌లో వీధి దాటితే స్విట్జర్లాండ్. 2017 జూన్ నుంచి యూరోపియన్ యూనియన్‌లో ఏ దేశపు సిమ్ అయినా మిగతా సభ్యదేశాల్లో అదనపు రుసుము లేకుండా పనిచేస్తుంది. స్విట్జర్లాండ్ ఆ యూనియన్‌లో లేదు. సరస్సు ఒడ్డున, ఇంకా జర్మనీ నేల మీదే కూర్చుని, మనవరాలి ఫోటోలు పంపుతున్నాను. ఫోను అవతలి టవరును పట్టుకుంది. పావుగంటలో నా జర్మనీ సిమ్‌లో ఉన్న డబ్బంతా హరించుకుపోయింది. కొన్ని కంపెనీల ప్యాకుల్లో స్విట్జర్లాండ్ కూడా కలిసి ఉంటుంది, నేను తీసుకున్నదాంట్లో లేదు. సరిహద్దు ఊళ్లలో ఉన్నంతసేపూ రోమింగ్ ఆపేసుకోవడం మేలు.

అమ్మ మనవడి కోసం చేసిన సకినాలు మేము అక్కడ ఉండగానే స్పీడ్ పోస్టులో వచ్చాయి. డబ్బాలో ఏమేమి ఉన్నాయో, ఒక్కొక్కటి ఎంత విలువ చేస్తుందో కస్టమ్స్ ఫారంలో తమ్ముడు ఓపికగా రాశాడు. ఇంటివాళ్లు ఇంటివాళ్లకు పంపే వస్తువులు 45 యూరోల లోపు అయితే సుంకం ఉండదు. పాలకోవా లాంటి పాల పదార్థాలు, మాంసం పచ్చళ్లు మాత్రం వాళ్లు రానివ్వరు. సగం సకినాలు విరిగాయి. మూత తీయగానే వచ్చిన నువ్వులూ వామూ వాసనకు మా అబ్బాయి కాసేపు ఏమీ మాట్లాడలేదు.

నేనూ అమ్మకు ఉత్తరం రాశాను. జర్మనీలో పోస్టాఫీసు చాలాచోట్ల ఏదో ఒక దుకాణంలో ఒక మూలన ఉంటుంది. మనదేశానికి కార్డు స్టాంపు అప్పుడు 1.25 యూరోలు, అంటే సుమారు 120 రూపాయలు. ఎడమ సగంలో పెద్ద అక్షరాలతో తెలుగులో రాసి, కుడివైపు ఇంగ్లిషులో చిరునామా, పిన్‌కోడు, చివరి వరుసలో దేశం పేరు ఒక్కటే పెద్దక్షరాలతో వేసి పసుపు పెట్టెలో వేశాను. పదహారు రోజులకు చేరింది.

రోమ్‌లో మా బస ఇరుకు, లిఫ్టు లేదు. అయినా ఇంటావిడ మంచిది, వాటికన్‌కు నడిచి వెళ్లేంత దగ్గర. క్యాథలిక్కులు పాతికేళ్లకోసారి జరుపుకునే జూబిలీ సంవత్సరం కావడంతో ఎక్కడ చూసినా జనం. పోపు ఉండే వాటికన్ రోమ్ మధ్యలోనే ఉన్నా వేరే దేశం, దానికి సొంత పోస్టు ఉంది. అక్కడి స్టాంపు అంటించిన కార్డును అక్కడి పెట్టెలోనే వేయాలి, బయట రోమ్ వీధుల్లోని ఎర్ర పెట్టెల్లో వేస్తే చెల్లదు. వరుసలో ముప్పావుగంట నిలబడి అమ్మకు ఒకటి వేశాను. అంతకుముందే ఒక జ్ఞాపికల దుకాణంలో స్టాంపుతో సహా కార్డు కొని మోసపోయాను. అది ప్రభుత్వ పోస్టు స్టాంపు కాదు, ఏదో ప్రైవేటు సంస్థది. దాని సొంత పెట్టెలు ఎక్కడున్నాయో వెతుక్కుంటూ ఎండలో ఒక పూటంతా తిరగాల్సి వచ్చింది. అమ్మిన మనిషి ఆ ముక్క ముందే చెప్పి ఉండాల్సింది. రోమ్‌లో స్టాంపు కావాలంటే నేరుగా పోస్టాఫీసుకే వెళ్లండి.

తిరిగొచ్చి ఊరికి వెళితే, అమ్మ జర్మనీ కార్డును దేవుడి పటం వెనక నుంచి తీసి చూపించింది. పోస్ట్‌మ్యాన్ దాన్ని అరుగు మీద కూర్చుని రెండుసార్లు చదివి వినిపించాడట. వాటికన్ కార్డు జూలై రెండోవారంలో అందింది. ఆ దుకాణం కార్డు ఇంకా రాలేదు. సైకిల్ గంట వినిపించినప్పుడల్లా అమ్మ గుమ్మం దాకా వెళుతోంది.