బ్యాటరీకి ఢోకా లేదు, తంటా అంతా హెడ్‌లైట్‌తోనూ టచ్‌స్క్రీన్‌తోనూ: విద్యుత్ కారుతో నాలుగేళ్లు

విద్యుత్ కారు కొంటున్నానని చెప్పినప్పుడు బంధువులు, సహోద్యోగులు అందరూ అడిగింది ఒక్కటే: బ్యాటరీ ఎన్నేళ్లు వస్తుంది, పాడైతే ఎంతవుతుంది? షోరూములో నేను అడిగిందీ అదే. నాలుగేళ్లు దాటి, డెబ్బై వేల కిలోమీటర్ల పైచిలుకు తిరిగాక చూస్తే, బ్యాటరీ కోసం సర్వీస్ సెంటర్ గడప తొక్కవలసిన అవసరమే రాలేదు. కారును అక్కడ రోజుల తరబడి నిలబెట్టినవి హెడ్‌లైట్, టచ్‌స్క్రీన్. పెట్రోలు కార్లలోనూ ఉండే భాగాలే కాబట్టి కొనేవారు వీటి గురించి అడగరు, అమ్మేవారు చెప్పరు. అందుకే ఈ సమీక్షలో ఎక్కువ భాగం వీటికే వదిలాను. కంపెనీ పేరు కావాలనే రాయడం లేదు. ఇతర కంపెనీల కార్లు నడుపుతున్న మిత్రులూ ఇవే బాధలు చెబుతున్నారు.

కారు విజయవాడలో ఉంటుంది. నగరంలో రోజువారీ తిరుగుడు కాక, నెలకు రెండు మూడు సార్లు 65వ నంబరు జాతీయ రహదారి మీద హైదరాబాదు వెళ్లి వస్తాను. రేంజి, అంటే ఒకసారి ఛార్జింగ్‌తో నడిచే దూరం, మొదటి ఏడాదితో పోలిస్తే కొద్దిగా తగ్గింది. మోటారుకు ఏమీ కాలేదు. బ్రేక్ ప్యాడ్లు ఇప్పటికీ కంపెనీ నుంచి వచ్చినవే. నడకకు సంబంధించినంతవరకు కారు మీద ఫిర్యాదు చేయడానికి నాకేమీ దొరకలేదు.

హెడ్‌లైట్ సంగతి రెండో వానాకాలంలో మొదలైంది. కుడివైపు దీపం అద్దం లోపల ఆవిరి పట్టి, కింది అంచున సన్నని నీటి చారలు కనిపించాయి. సర్వీస్ సెంటర్‌లో చూపిస్తే, వాతావరణంలో తేమ వల్ల ఇది మామూలేనని, కాసేపు దీపం వేసి ఉంచితే ఆవిరి పోతుందని చెప్పి పంపించారు. ఆ మాటలో సగమే నిజం. దీపం పెట్టెలోకి గాలి వచ్చిపోవడానికి సన్నని రంధ్రాలు ఉంటాయి, కాబట్టి పలుచని పొగమంచులాంటి ఆవిరి పట్టి గంటా రెండు గంటల్లో పోవడం నిజంగానే మామూలు. అయితే నీరు బొట్లుగా నిలిచి, రోజుల తరబడి పోకపోతే ఎక్కడో సీలు వదిలిందని అర్థం. పైగా పాత హాలోజన్ బల్బు తన వేడితోనే ముందరి అద్దాన్ని ఆరబెట్టుకునేది. ఎల్ఈడీ దీపం వేడిని వెనకవైపున్న హీట్ సింక్‌లోకి (వేడిని లాగే లోహపు దిమ్మ) పంపుతుంది, వెలుగు పడే వైపు అద్దం చల్లగానే ఉంటుంది. ఆ అద్దం మీద చేరిన తేమ దీపం వేసినంత మాత్రాన తొందరగా పోదు.

మూడో ఏట కుడివైపు లో బీమ్ పూర్తిగా ఆరిపోయింది. కోదాడ దాటాక, రాత్రివేళ, వెనక దీపాలు లేకుండా రోడ్డు పక్కన ఆపిన లారీలు ఉండే దారిలో ఒక్క కంటితో నడపడం ఎంత ప్రమాదమో ఆ రహదారి తెలిసినవారికి వివరించనక్కరలేదు. పాత కారులో అయితే ఏ దాబా దగ్గరో మెకానిక్ కొన్ని వందల రూపాయలకు హెచ్4 బల్బు మార్చి పంపేవాడు. ఇందులో మార్చడానికి బల్బే లేదు. ఎల్ఈడీ చిప్పులను బోర్డు మీద అంటించి, వాటికి కరెంటు సరిచేసే డ్రైవర్ మాడ్యూలును జతచేసి, మొత్తాన్ని జిగురుతో మూసేసిన ఒకే పెట్టె అది. లోపల ఏది పోయినా పెట్టె పెట్టెంతా మార్చవలసిందే. వారంటీ లేకపోతే అయ్యే ఖర్చు అడిగితే, కూలితో కలిపి పాతిక వేల దాకా చెప్పారు. నా కారుకు అప్పటికి వారంటీ ఇంకా కొద్ది నెలలు మిగిలి ఉంది. అయినా బయటి నుంచి నీరు చేరింది కనుక వర్తించదని మొదట అన్నారు. రెండో వానాకాలంలో ఇచ్చిన జాబ్ కార్డు (సర్వీస్ సెంటర్ ఫిర్యాదులు రాసి ఇచ్చే కాగితం) మీద ఆవిరి ఫిర్యాదు రాసి ఉండడం, అప్పటి ఫోటోలు తేదీలతో సహా నా దగ్గర ఉండడం వల్ల చివరికి ఒప్పుకున్నారు. విడిభాగం రావడానికి దాదాపు నెల పట్టింది. కొత్త దీపం బిగించాక వెలుగు ఎత్తు సరిచేయకుండానే కారు ఇచ్చేశారు. ఎదురుగా వచ్చేవారు హై బీమ్ అనుకుని లైట్లు కొడుతుంటే మళ్లీ వెళ్లి గోడ ముందు నిలబెట్టి సరిచేయించుకున్నాను. దీపం మార్చించుకున్నవారు ఈ ఒక్క పని అక్కడికక్కడే అడిగి చేయించుకోవాలి.

టచ్‌స్క్రీన్ ఇంతకంటె మొండి ఘటం, ఎందుకంటే అది ఒక్కసారిగా చచ్చిపోదు. రోళ్లు పగిలే రోహిణి కార్తె ఎండలో, నందిగామ వైపో సూర్యాపేట దగ్గరో ఫాస్ట్ ఛార్జింగ్ పెట్టి బయలుదేరిన కాసేపటికి తెర బిగుసుకుపోయేది. ఒక్కోసారి నల్లబడి, తనంతట తాను తిరిగి మొదలయ్యేది. ఇంకోసారి ఎవరూ ముట్టుకోకుండానే పాటలు మారేవి, ఏసీ చలి పెరిగేది. చల్లని సాయంత్రం సర్వీస్ సెంటర్‌కు తీసుకెళితే బుద్ధిమంతుడిలా పనిచేసేది. సాఫ్ట్‌వేర్ అప్‌డేట్ చేశామని చెప్పి పంపేవారు, నాలుగు రోజులకు మళ్లీ అదే వరస.

తెర పోతే పాటలు పోతాయి, అంతే కదా అనుకునేవారు ఈ కార్లలో తెర ఏమేమి చేస్తుందో ఒకసారి లెక్క చూసుకోవాలి. నా కారులో ఏసీ ఉష్ణోగ్రత, గాలి ఎటు పోవాలన్నది, రివర్స్ కెమెరా, ఛార్జింగ్ సమయాలు అన్నీ దాని మీదే. వానలో ముందు అద్దానికి లోపలివైపు ఆవిరి కమ్మినప్పుడు గాలిని అద్దం మీదకు మళ్లించే మీట కూడా అందులోనే ఉంది. చౌటుప్పల్ దగ్గర జోరువానలో తెర నల్లబడితే కిటికీలు కొంచెం దించి, తడుస్తూ, కారును పక్కకు తీసి ఆపవలసి వచ్చింది.

ఈ సమస్య భద్రతకు సంబంధించినదేనని రోడ్డు భద్రత చూసే అమెరికా ప్రభుత్వ సంస్థ ఎన్‌హెచ్‌టీఎస్‌ఏ ఇప్పటికే తేల్చింది. టెస్లా 2018 వరకు తయారుచేసిన మోడల్ ఎస్, మోడల్ ఎక్స్ కార్లలో తెర వెనక కంప్యూటరుకు 8 జీబీ ఫ్లాష్ మెమరీ చిప్ ఉండేది. రాసి చెరిపిన ప్రతిసారీ ఆ చిప్ కొంచెం అరుగుతుంది; కారు ఏళ్ల తరబడి తన లెక్కలు అందులో రాస్తూ పోతే ఒకరోజు పూర్తిగా అరిగిపోయి తెర చీకటవుతుంది. రివర్స్ కెమెరా, అద్దం మీది ఆవిరి తొలగించే ఏర్పాటు, ఇండికేటర్ చప్పుడు కూడా దానితోపాటే పోతున్నాయని 2021 జనవరిలో ఆ సంస్థ రీకాల్ (లోపమున్న కార్లను వెనక్కు పిలిచి సరిచేయడం) కోరింది. మరుసటి నెలలో టెస్లా దాదాపు 1,35,000 కార్లకు రీకాల్ ప్రకటించింది. 2022 మేలో మళ్లీ దాదాపు 1,30,000 కార్లకు రీకాల్ వచ్చింది. ఈసారి కారణం ఫాస్ట్ ఛార్జింగ్ వేళ తెర వెనక ప్రాసెసరుకు చల్లదనం చాలక అది నెమ్మదించడం, లేదా మళ్లీ మళ్లీ మొదలవడం. శీతలీకరణ బ్యాటరీకి ఎక్కువ మళ్లినప్పుడు తెరకు వాటా తగ్గుతుంది. ఆ సంగతి చదివినప్పుడు నా కారు మధ్యాహ్నపు ఛార్జింగ్ తరువాతే ఎందుకు మొరాయిస్తోందన్న దానికి ఒక దారి దొరికినట్టయింది. రెండు కార్లలోనూ కారణం ఒకటేనని నేను అనలేను గాని, వేసవిలో ఛార్జింగ్ పెట్టి ఏసీ వేసుకుని లోపలే కూర్చోవడం మానేశాక తెర బిగుసుకోవడం బాగా తగ్గింది.

తెర బిగుసుకోవడం, నల్లబడడం పూర్తిగా ఆగింది మాత్రం 12 వోల్టుల బ్యాటరీ మార్చాక. విద్యుత్ కారులో కూడా మామూలు కార్లలో ఉండేలాంటి చిన్న బ్యాటరీ ఒకటి ఉంటుందని, దీపాలు, తెర, తలుపుల తాళాలు, లోపలి కంప్యూటర్లు అన్నీ దానితోనే నడుస్తాయని చాలామందికి తెలియదు. పెద్ద బ్యాటరీ నుంచి, వోల్టేజి తగ్గించే డీసీ–డీసీ కన్వర్టర్ ద్వారా దానికి ఛార్జింగ్ అందుతుంది. అది నీరసించినప్పుడు వోల్టేజి ఒక్క క్షణం పడిపోయినా తెర తప్పుగా మొదలవుతుంది, డాష్‌బోర్డు మీద సంబంధం లేని హెచ్చరికలు వరసకట్టి వెలుగుతాయి. ఇన్నిసార్లు సాఫ్ట్‌వేర్ మార్చినవారు ఆ చిన్న బ్యాటరీని లోడ్ పెట్టి పరీక్షించడానికి మూడో ఏడాది చివరిదాకా ఎందుకు ఆగారో నాకు ఇప్పటికీ అర్థం కాదు. ఎవరూ ముట్టుకోకుండా తెర నొక్కుకోవడం మాత్రం దానితో పోలేదు. ఎండకు తెర పొరల మధ్య జిగురు వదిలి అంచున బుడగలు కనిపించడంతో, చివరికి తెర యూనిట్‌నే వారంటీలో మార్చారు.

యూరప్‌లో కార్ల భద్రతకు రేటింగ్ ఇచ్చే యూరో ఎన్‌క్యాప్, ఇండికేటర్లు, హజార్డ్ దీపాలు, హారన్, వైపర్లు, అత్యవసర పిలుపు, ఈ అయిదింటికీ చేతికి తగిలే మీటలు ఉండాలని 2026 నుంచి మార్కుల్లో లెక్క వేస్తోంది. నా వరకు అద్దం మీది ఆవిరి తీసే మీటను కూడా ఆ వరసలో చేర్చాలి. ఉక్కపోతతో కూడిన మన కోస్తా వానలు చూసినవారెవరూ దీనికి కాదనరు.

మన దేశంలోనూ దారి లేకపోలేదు. 2019లో సవరించిన మోటారు వాహనాల చట్టంలోని 110ఎ సెక్షన్ కింద, లోపమున్న వాహనాలను వెనక్కు పిలవాలని కేంద్రం కంపెనీని ఆదేశించవచ్చు. ఆ నియమాలు 2021 ఏప్రిల్ నుంచి అమలులో ఉన్నాయి, ఏడేళ్లలోపు వాహనాలకు వర్తిస్తాయి. అయితే అది కదలడానికి ఒక ముఖ్యమైన దారి తగినన్ని ఫిర్యాదులు నమోదు కావడం. బంధువుల దగ్గరా వాట్సాప్ గ్రూపుల్లోనూ చెప్పుకుని ఊరుకుంటే లెక్కలోకి రాదు. ఒక్కరి బిల్లు తగాదాకైతే 1915 నంబరులో జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ ఉంది.

కారు నడక చూసి కొనమనే చెబుతాను, మళ్లీ కొనవలసి వచ్చినా విద్యుత్ కారే కొంటాను. కాకపోతే షోరూములో బ్యాటరీకి 8 ఏళ్లు లేదా 1,60,000 కిలోమీటర్ల వారంటీ అని గొప్పగా చెప్పినప్పుడు, మిగతా కారుకు ఎన్నేళ్లో అడగాలి. నా కారుకు అది మూడేళ్లే. ఆ గడువు ముగియడానికి ముందు వచ్చే వానాకాలంలోనే దీపాల లోపలి ఆవిరిని ఫోటో తీసి, జాబ్ కార్డు మీద ఫిర్యాదు మన మాటల్లోనే రాయించాలి. తెర బిగుసుకున్నప్పుడల్లా వీడియో తీసి ఉంచుకోవాలి. నీళ్ల ప్రెషర్ గన్‌ను దీపం అంచుల మీద దగ్గరగా పెట్టి కడగవద్దని వాషింగ్ కుర్రాడికి ప్రతిసారీ చెప్పాలి. ఇక పొడిగించిన వారంటీ తీసుకునేటప్పుడు బ్రోచరు చూసి డబ్బు కట్టవద్దు, షరతుల కాగితం అడిగి తీసుకోండి. నాకు ఇచ్చిన దానిలో టచ్‌స్క్రీన్ చేర్చిన వాటి జాబితాలో ఉంది, హెడ్‌లైట్ లోపల నీరు చేరడం మాత్రం వర్తించనివాటి జాబితాలో ఉంది. ఎడమవైపు దీపంలో ఈ ఏడాది ఆవిరి మొదలైంది కాబట్టి ఆ ఒక్క వాక్యం మార్చి రాసి ఇస్తేనే కడతానని చెప్పి వచ్చాను. ఇంకా జవాబు రాలేదు.